బడికి వాట్సాప్ చాలా, టెలిగ్రామ్ కావాలా, యూట్యూబ్ మేలా? ఊరి బడి టీచర్లకు ఒక పోలిక

మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో టీ బ్రేక్ ఇచ్చినప్పుడు, కొత్తగా డ్యూటీలో చేరిన ఒక మేడమ్ నా పక్కన వచ్చి కూర్చున్నారు. "సార్, మా తొమ్మిదో తరగతికి వాట్సాప్ గ్రూపు పెట్టమంటారా, టెలిగ్రామ్ పెట్టమంటారా? మా ఫ్రెండేమో యూట్యూబ్ చానలే మేలంటోంది" అని అడిగారు. నేను తిరిగి ఒక ప్రశ్న వేశాను. "మీ పిల్లల ఇళ్లలో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది మేడమ్? ఎన్ని గంటలకు ఇంటికొస్తుంది?" ఆవిడ ఆలోచనలో పడ్డారు. నేను మొదటిసారి గ్రూపు పెట్టిన ఏడాది ఈ ప్రశ్న నాకూ తట్టలేదు. సాయంత్రం అయిదుకు హోంవర్క్ పెట్టడం, మర్నాడు సగం మంది చేయలేదని కోప్పడడం, ఇదే సరిపోయింది.

నేను నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. మా పిల్లల నాన్నలు కొందరు రొయ్యల గుంటల మీద పనిచేస్తారు, కొందరు వేటకు పోతారు, కొందరు వరి సాగు చేస్తారు. చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఒకటే ఉంటుంది. అది పొద్దున్నే నాన్న జేబులో గుంట దగ్గరికి పోతుంది. ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. పని కోసం అమ్మానాన్నలు బెంగళూరుకో చెన్నైకో పోయి ఉంటారు, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు, ఆ అవ్వ చేతిలో ఉండేది బటన్ ఫోన్. ప్రకాశం జిల్లాలో చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టుపక్కల చెప్పే నా స్నేహితుడి ఇబ్బంది షిఫ్టు డ్యూటీలతో. మా దగ్గరి యానాది కాలనీలో కొన్ని ఇళ్లలో ఏ ఫోనూ లేదు. ఇన్ని రకాల ఇళ్లకు 'ఈ యాప్ మంచిది' అని ఒకే మాట చెప్పలేం.

అందుకని యాప్ ఎంచుకునే ముందు ఒక చీటీ రాయించండి. అరఠావు కాగితం మీద మూడు ప్రశ్నలు చాలు. ఇంట్లో ఏ ఫోన్ ఉంది? అది ఎవరి దగ్గర ఉంటుంది? ఏ టైములో పిల్లల చేతికి వస్తుంది? పిల్లలు రాసి తెస్తారు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఈ పని అయిపోవాలి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఆ చీటీల్ని బట్టి మారుతుంది.

వాట్సాప్: గ్రూపు, కమ్యూనిటీ, చానల్

మనవైపు ఫోన్ ఉన్న ఇంట్లో వాట్సాప్ ఉంటుంది. కొత్తగా నేర్పాల్సిన పని లేదు. దాని అసలు బలం మాత్రం అక్షరాల్లో లేదు, ఆడియోలో ఉందంటాను. ఒక తల్లి నాతో, "సార్, నాకు చదువు రాదు. మీరు మాటల్లో చెప్పి పంపితే ఇనుకుంటా" అన్నది. అప్పటి నుంచి ప్రతి సమాచారం రాసి పెట్టడంతో పాటు, అర నిమిషం ఆడియో కూడా పెడుతున్నాను. పేరెంట్స్ మీటింగులకు ఇంతకుముందు రానివాళ్లు కూడా రావడం మొదలైంది.

పిల్లల వైపు నుంచీ ఆడియో అంతే. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ పాఠాలు అయ్యాక, 'మీ ఇంటి చుట్టుపక్కల దీనికి ఉదాహరణ వెతికి రెండు నిమిషాలు మాట్లాడి పంపండి' అని చెప్పాను. వీలు కానివాళ్లు తరగతిలో నిలబడి చెప్పవచ్చన్నాను. ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్నకు క్యారియర్ ఇవ్వడానికి గుంట దగ్గరికి పోయి, అక్కడే ఆయన ఫోన్‌లో రికార్డు చేసింది. ముందు కాసేపు నీళ్లు చిమ్ముతున్న చప్పుడు. తర్వాత ఆ పిల్ల గొంతు: "సార్, ఇది ఏరేటర్, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రం శబ్దం. పగలు నీళ్లలో ఉండే పచ్చనాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రిపూట ఇవ్వదు, కానీ నాచు, రొయ్యలు, అన్నీ పీల్చుకుంటూనే ఉంటాయి. తెల్లారేలోపు ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. అందుకే నాన్న రాత్రంతా ఏరేటర్లు ఆపడు." మధ్యలో వాళ్ల నాన్న "డీవో తగ్గితే రొయ్య పైకి తేలుతుందని కూడా చెప్పమ్మా" అనడం వినిపించింది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను గుంటల దగ్గర డీవో అంటారు. మర్నాడు ఆ ఆడియో తరగతిలో వినిపించాను. పుస్తకంలో రెండు పేజీల పాఠం అది. ఆ రోజు పిల్లలు అడిగిన ప్రశ్నలకు పీరియడ్ చాలలేదు.

ఇక మామూలు గ్రూపులో ఉన్న చిక్కులు. గ్రూపులో 1,024 మంది దాకా పడతారు, కాబట్టి చోటుకు కొదవ లేదు. కానీ అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి. నాకు తెలిసిన ఒక బడిలో ఎవరో గ్రూపులోంచి ఒక తల్లి నంబరు తీసుకుని రాత్రిపూట ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఆమె గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఆమెతో పాటు ఆ బిడ్డకు బడి సమాచారమూ ఆగిపోయింది. రెండోది, గుడ్ మార్నింగ్ బొమ్మలు, పార్టీల వీడియోల మధ్య హోంవర్క్ మెసేజ్ ఎక్కడో కిందికి పోతుంది. దీనికి మందు తేలిక. గ్రూపు సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా మార్చండి. ఎవరికైనా ఇబ్బందిగా అనిపిస్తుందేమోనని మొహమాట పడవద్దు.

మూడో చిక్కు నేను చేసిన తప్పు. ఒకసారి యూనిట్ టెస్ట్ మార్కుల లిస్టు ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. పని తేలికవుతుందని తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. తక్కువ మార్కులు వచ్చిన ఒక అబ్బాయి రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వాళ్లమ్మ వచ్చి, "మార్కులు తక్కువొచ్చినయ్యని ఊరందరికీ చెప్పాల్నా సార్?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. మార్కులు, హాజరు, ఫీజు, బిడ్డ గురించిన ఏ సమాచారమైనా ఆ ఇంటికి విడిగానే పోవాలి.

నంబర్ల సమస్యకు కమ్యూనిటీ మంచి దారి. 2022 చివర్లో వాట్సాప్ ఇది తెచ్చింది. అందులో ప్రకటనల కోసం ఒక విభాగం ఉంటుంది. అక్కడ అడ్మిన్లే రాస్తారు, ఒక సభ్యుడి నంబరు ఇంకొకరికి కనపడదు. ఒక జాగ్రత్త: కమ్యూనిటీ కింద తరగతికొక గ్రూపు పెడితే, ఆ గ్రూపులో మళ్లీ నంబర్లు కనపడతాయి. కాబట్టి ప్రకటనల విభాగం ఒక్కటి నడిపితే చాలంటాను. హెడ్‌మాస్టర్ (హెచ్‌ఎం) గారు, ఇంకో టీచర్ ఇద్దరూ అడ్మిన్లుగా ఉండాలి.

చానల్ ఇంకోరకం. 2023 సెప్టెంబరు నుంచి మన దేశంలో ఉంది. అక్కడా నంబర్లు దాగి ఉంటాయి, కానీ వెతికి ఎవరైనా చేరవచ్చు. అడ్మిషన్లు, సెలవులు, వార్షికోత్సవం తేదీ లాంటివి పెట్టడానికి పనికొస్తుంది. పిల్లల ఫొటోలు అక్కడ పెట్టకండి.

సెలవుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన తీర జిల్లాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల కాలం, తుపాన్ల కాలం. 2023 డిసెంబరులో మిచౌంగ్, 2025 అక్టోబరులో మొంథా. ఇలాంటప్పుడు ఎప్పటిదో పాత కలెక్టర్ ఉత్తర్వు ఫొటో తేదీ కనపడకుండా ఫోన్లలో తిరుగుతుంది. పిల్లలు ఇంట్లో ఆగిపోతారు, లేదా సెలవని తెలియక వానలో బడిదాకా వచ్చి నిలబడతారు. బడికంటూ ఒకే ఒక్క ప్రకటనల దారి ఉండి, హెచ్‌ఎం గారు చెబితేనే సెలవు అని తల్లిదండ్రులకు అలవాటు చేస్తే ఈ టెన్షన్ పోతుంది. పాఠాల సంగతి పక్కన పెట్టినా, ఈ ఒక్క పనికోసమైనా ప్రతి బడికీ అలాంటి దారి ఒకటి ఉండాలి.

ఇంకో చిన్న సంగతి. వాట్సాప్‌లో వచ్చే వీడియోలు, ఫొటోలతో తక్కువ మెమరీ ఉన్న ఫోన్ నిండిపోతుంది. "సార్, మీ గ్రూపు వల్ల ఫోన్ పనిచేయట్లా" అని ఒకాయన నాతో అన్నాడు. నిజమే. మీటింగ్‌కు వచ్చినప్పుడు వాళ్ల ఫోన్లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేసి ఇవ్వండి. ఒక్కొక్కరికి నిమిషం పడుతుంది.

టెలిగ్రామ్: పదో తరగతి రివిజన్‌కు బలం, కాపలా కూడా అంతే కావాలి

సౌకర్యాలు మాత్రమే చూస్తే పాఠాలకు టెలిగ్రామే మెరుగు. గ్రూపులో 2 లక్షల మంది పడతారనేది మనకు అక్కర్లేని సంగతి. అక్కరకొచ్చేవి వేరే ఉన్నాయి. ఫైళ్లు ఫోన్‌లో కాక వాళ్ల సర్వర్లో ఉంటాయి, కావాలన్నప్పుడు దించుకోవచ్చు. సంవత్సరం మధ్యలో వేరే ఊరి నుంచి వచ్చి చేరిన పిల్లవాడికి జూన్‌లో పెట్టిన నోట్స్ కూడా చానల్లో దొరుకుతుంది. వాట్సాప్ గ్రూపులో ఆలస్యంగా చేరితే పాతవి మామూలుగా కనపడవు.

నాకు బాగా నచ్చింది క్విజ్. ప్రశ్న, నాలుగు జవాబులు, సరైనదేదో మనం ముందే గుర్తుపెడతాం. తప్పు నొక్కినవాళ్లకు ఎందుకు తప్పో చూపే వివరణ కూడా జోడించవచ్చు. చానల్లో పెట్టిన క్విజ్‌లో ఎవరు ఏది నొక్కారో ఎవరికీ తెలియదు, ఎంతమంది తప్పు చేశారో శాతం మాత్రం కనపడుతుంది. వాట్సాప్ గ్రూపులో పోల్ పెడితే ఎవరు దేనికి ఓటేశారో పేర్లతో సహా కనపడిపోతుంది. దానివల్ల ఏమవుతుందో నేను చూశాను. క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయి ఏది నొక్కితే అందరూ అదే నొక్కుతారు, అప్పుడు ఎవరికి ఏమి రాలేదో నాకు తెలియదు. పేరు కనపడకపోతే పిల్లలు నిజంగా తమకు తోచింది నొక్కుతారు. ఒక కుంభాకార కటకం ప్రశ్నకు ఎక్కువ మంది తప్పు నొక్కారని రాత్రి చూసి, పొద్దున్నే మళ్లీ బోర్డు మీద కిరణచిత్రాలు గీశాను.

మరి ఇంత బాగుంటే అందరికీ ఇదే పెట్టమని ఎందుకనను? టెలిగ్రామ్‌లో వెతికితే ముక్కూ మొహం తెలియని వేల గ్రూపులు బయటపడతాయి. పరీక్షలు దగ్గరపడితే 'పదో తరగతి పేపర్ మా దగ్గరుంది, డబ్బు పంపండి' అనే మోసగాళ్లు పుట్టుకొస్తారు. పేపర్ల ఫొటోల జాడ్యం వాట్సాప్‌లోనూ ఉంది. 2022 పదో తరగతి పరీక్షలప్పుడు మన రాష్ట్రంలో ప్రశ్నపత్రాల ఫొటోలు వాట్సాప్‌లో తిరిగి, టీచర్ల అరెస్టుల దాకా పోయింది. కానీ టెలిగ్రామ్‌లో కొత్త మనిషి పిల్లల్ని నేరుగా పలకరించడం ఇంకా సులువు. కాబట్టి పదో తరగతికి మాత్రమే, అదీ తల్లిదండ్రుల ఫోన్‌లో, గ్రూపు కాకుండా చానల్‌గా పెట్టండి. నంబరు ఎవరికీ కనపడకుండా, తెలియనివాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా ప్రైవసీ సెట్టింగ్స్ మీరే దగ్గరుండి మార్పించండి. అంత తీరిక లేకపోతే టెలిగ్రామ్ వద్దు. క్విజ్‌ను నల్లబల్ల మీద రాసి, జవాబులు చీటీల మీద రాయించుకున్నా పనవుతుంది.

యూట్యూబ్: మీ పాఠాలు దాచుకునే బీరువా

యూట్యూబ్‌లో చానల్ పెట్టి సబ్‌స్క్రైబర్ల కోసం చూసే పని మనది కాదు. మన పిల్లలకు మన గొంతుతో చెప్పిన పాఠం భద్రంగా ఒకచోట ఉండడం కావాలి. వీడియోను అన్‌లిస్టెడ్‌గా పెడితే వెతికేవాళ్లకు దొరకదు, లింకు ఉన్నవాళ్లే చూడగలరు. లింకు ఎవరైనా ఇంకొకరికి పంపవచ్చు, కాబట్టి అది తాళం వేసిన గది అనుకోకండి. పిల్లల ముఖాలు లేకుండా మీ చెయ్యి, బోర్డు, ప్రయోగం మాత్రమే కనపడేలా తీయండి. నంబరుతో అకౌంటును ధ్రువీకరించకపోతే 15 నిమిషాలకు మించిన వీడియో ఎక్కదు. నిజానికి 6, 7 నిమిషాలు దాటకపోవడమే మంచిది.

డేటా లెక్క కూడా చూసుకోవాలి. 360పీ నాణ్యతలో పది నిమిషాల వీడియోకు సుమారు 50 నుంచి 60 ఎంబీ ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్ ఉన్న ఇంటికి అది భారం కాదు, కానీ ఆ డేటా రాత్రికల్లా నాన్న చూసే వీడియోలకు అయిపోయి ఉంటుంది. నేను పిల్లలకు నాణ్యత తగ్గించుకుని చూడడం నేర్పించాను.

యూట్యూబ్‌తో పెద్ద ఇబ్బంది పాఠం అయ్యాక మొదలవుతుంది. మన వీడియో ఏడు నిమిషాలు, దాని కింద వరసగా వచ్చే వీడియోలు గంటలకొద్దీ. మన వీడియోకు కామెంట్లు ఆపేయగలం, కానీ పక్కన ఏమి చూపించాలో మన చేతిలో లేదు. అందువల్ల ముఖ్యమైన వీడియోల్ని నేను బడిలోనే, ఐఎఫ్‌పీ ప్యానెల్ (తరగతి గోడకున్న పెద్ద టచ్ తెర) మీద చూపిస్తాను. ఆ రోజు రానివాళ్లకు, మళ్లీ చూడాలనుకునేవాళ్లకు మాత్రం లింకు పంపుతాను. అసలు వీడియో తీసే ముందు పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉందేమో చూడండి. దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి ఉన్న సామగ్రి వస్తుంది. అక్కడ బాగున్నదాన్ని మళ్లీ మనం తీయడం ఎందుకు? ఏరేటర్ల ఉదాహరణ లాంటిది మాత్రం అక్కడ ఉండదు, మీ శ్రమ అలాంటి వాటికి దాచుకోండి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ క్లాస్‌రూమ్

ఫేస్‌బుక్‌తో పాఠం నడవదు. పూర్వ విద్యార్థుల్ని పట్టుకోవడానికి మాత్రం దానికి మించింది లేదు. మా లైబ్రరీకి పుస్తకాలు, సైన్స్ ల్యాబ్‌కు గాజు సామాను కొన్ని అలా వచ్చినవే. బడి పేరుతో పేజీ ఉంచండి, హెచ్‌ఎం గారి చేతిలో ఉంచండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో తొమ్మిది, పది పిల్లలు ఇప్పటికే ఉన్నారు, అందుకే టీచరూ అక్కడికి పోవాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. పిల్లలు సరదాకు పోయే చోట టీచర్ ఫాలో అవుతుంటే ఇద్దరికీ ఇబ్బందే. అయితే దాని గురించి తరగతిలో మాట్లాడటం మానకండి. ప్రొఫైల్ ప్రైవేటుగా ఉందా, తెలియనివాళ్లు మెసేజ్ పెడితే ఏం చేయాలి, ఎవరైనా ఫొటో పేరుతో బెదిరిస్తే ఎవరికి చెప్పాలి, ఇవి పాఠాలే. పిల్లల సాయానికి 1098, సైబర్ నేరాలకు 1930. ఈ రెండు నంబర్లూ మా తరగతి గోడ మీద రాసి ఉన్నాయి.

గూగుల్ క్లాస్‌రూమ్ పద్ధతిగా ఉంటుంది, హోంవర్క్ దిద్ది ఇవ్వడానికి బాగుంటుంది. ప్రతి పిల్లవాడికీ సొంత అకౌంటు, స్థిరమైన ఫోన్ ఉన్న టౌన్ బడులకు నప్పుతుంది. మా బడికి ఇంకా నప్పలేదు.

ఏ బడికి ఏది

ప్రైమరీ బడి అయితే వాట్సాప్ ప్రకటనలు, ఆడియో, అంతే. ఆరు, ఏడు తరగతులకు కూడా దాదాపు అంతే, ఎందుకంటే వాట్సాప్ నిబంధనల ప్రకారం సొంతంగా వాడాలంటే 13 ఏళ్లు నిండాలి, ఆ పిల్లలకు 11, 12 ఏళ్లే. వాళ్ల పేరుతో కాక తల్లిదండ్రుల నంబరుతోనే చేర్చాలి. ఎనిమిది, తొమ్మిదికి దానితో పాటు యూట్యూబ్ బీరువా. పదో తరగతికి, కాపలా కాయగలిగితే, టెలిగ్రామ్ చానల్లో వారానికి రెండు క్విజ్‌లు. ఒకే బడిలో మూడు యాప్‌లకు మించి వద్దు. సబ్జెక్టుకొక గ్రూపు అసలే వద్దు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్న తల్లి ఒక్క ఫోన్‌లో పన్నెండు గ్రూపులు చూడాల్సి వస్తుంది.

ఏది పెట్టినా మారని కట్టుబాట్లు కొన్ని మా బడిలో పెట్టుకున్నాం. టీచర్‌కు, విద్యార్థికి మధ్య విడిగా చాటింగ్ ఉండదు. సందేహం ఉంటే తల్లి లేదా తండ్రి నంబరు నుంచి, లేదా బడిలో. రాత్రి తొమ్మిది తర్వాత మెసేజ్ ఉండదు. పిల్లల ఫొటో పెట్టాలంటే జూన్‌లోనే తల్లిదండ్రుల సంతకం తీసుకుంటాం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. పేరెంట్స్ మీటింగ్ రోజున ఈ సంతకాలు తీసుకోవడం సులువు.

అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నది ఒకటుంది. ఫోన్ ఉంటేనే చేయగలిగే హోంవర్క్ ఇవ్వం. రాత్రి గ్రూపులో పెట్టింది ఏదైనా పొద్దున ప్రార్థన అయ్యాక బోర్డు మీద ఉండాలి. కాలనీ నుంచి వచ్చే ఒక అబ్బాయి ముందు వరుసలో కూర్చుని అది నోట్సులో ఎక్కించుకుంటాడు. మొదట్లో ఆడియో వినలేకపోయానని చిన్నబుచ్చుకునేవాడు. ఇప్పుడు ఆడియోలు తరగతిలో అందరికీ కలిపి వినిపిస్తున్నాం. కాలువల్లో చేపలు పట్టడం గురించి వాడు నిలబడి చెప్పినప్పుడు, రికార్డు చేయమని మిగతా పిల్లలే నన్ను అడిగారు. వాడినీ, వాళ్ల నాన్ననూ అడిగి రికార్డు చేశాను.

ఆ మేడమ్ పోయిన వారం ఫోన్ చేశారు. చీటీలు రాయించారట. వాళ్ల తరగతిలో ఎక్కువ ఇళ్లకు ఫోన్ రాత్రి ఎనిమిది దాటాకే వస్తుంది, నాలుగిళ్లకు ఆదివారం మాత్రమే. ఆవిడ టెలిగ్రామ్ ఆలోచన మానుకున్నారు. రోజూ ఎనిమిదిన్నరకు ఒక నిమిషం ఆడియో, ఆదివారం పొద్దున వారం మొత్తానికి కలిపి ఒక వీడియో లింకు పెడుతున్నారు. "మరి బటన్ ఫోన్ ఉన్న అవ్వలకు ఏం చేయాలి సార్?" అని అడిగారు. శుక్రవారం సాయంత్రం ఒక ఫోన్ కాల్ చేయమన్నాను. ఏడుగురు అవ్వలున్నారట, రాసి పెట్టుకున్నారు.